కోయని క్యాసెట్టు

అచ్చాయమ్మ నోట చెడ్డమాట రాదని కాట్రేనికోనలో ఆవిడకొక పేరుంది. అది అబద్ధపు పేరేమీ కాదు. నోటితో ఆవిడ ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు. అనాలనిపించినప్పుడు కాళ్ళతోనూ చేతులతోనూ భుజాలతోనూ అనేది.

ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని తల్లి వెనకాల సంతకి వెళ్ళే వయసులోనే అబ్బిన విద్య అది. మనిషిని ఒక్కసారి చూస్తే చాలు. బురద కనబడగానే కరణంగారు పంచె ఎంత ఎత్తుకి ఎత్తుతారో, సొసైటీ గుమస్తా సంతకం పెట్టే ముందు కలాన్ని ఎలా విదిలిస్తాడో, పడవలు ఆలస్యమైతే మేస్త్రి భార్య ఏ చేతిని ఏ నడుము మీద పెట్టుకుంటుందో, అన్నీ చేసి చూపించేది. సాయంత్రం వలలు బాగుచేసుకునేవాళ్ళు పని వదిలేసి పొట్టలు పట్టుకునేవారు. ఎర్రయ్య ఆవిడ మీద మనసు పడింది కూడా అందుకే. పెళ్ళిచూపులకొచ్చి వెళ్ళిపోతూ, మరిచిపోయిన తువ్వాలు కోసం వెనక్కి తిరిగొస్తే పెరట్లో తన నడకే తనకెదురైంది. పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది గానీ, ఎర్రయ్య మాత్రం ఈ పిల్లనే చేసుకుంటానని ఇంటికెళ్ళి పంతం పట్టాడు.

అలాంటి మనిషి, తన కూతురు దుర్గాభవాని పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ విద్య కట్టిపెట్టేసింది. ఎవరైనా బతిమాలితే, "వియ్యాలవారికి తెలిస్తే బాగోదండీ" అని తప్పించుకునేది. అసలు కారణం ఇంకోటుంది. అది ఆ పెళ్ళినాడే జరిగింది.

పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తున్న గదిలో ఆడపిల్లలంతా చేరి, అచ్చాయమ్మ పిన్ని చేత ఒక్కొక్కరినీ చేయించారు. పురోహితుడిని చేసింది. వియ్యంకుడు కిళ్ళీ నమలడం చేసింది. ఆఖర్న, పెళ్ళికొడుకు తల్లి సత్యవేణిని చేసింది. సత్యవేణికి చిన్నతనంలో ఏదో జబ్బు చేసి ఒక కాలు సన్నబడిపోయింది. ఒక పక్కకి ఒరిగి, ఆ కాలిని ఈడ్చి, మళ్ళీ నిలదొక్కుకుని నడుస్తుంది. ఆ నడకని అచ్చాయమ్మ చేతిలో పళ్ళెంతో సహా గది ఈ మూల నుంచి ఆ మూల దాకా నడిచి చూపించింది. గదంతా పగలబడి నవ్వింది. గుమ్మంలో వీడియో కెమెరా వెలుగుతోంది.

"అది తీసెయ్యండి బాబూ" అందట తరవాత. వీడియో ఆయన, "మిక్సింగులో కోసేస్తానండి, మీకెందుకు" అన్నాడు. అన్నట్టే కోశాడు. పాటలు కలిపి, తామరపువ్వు విచ్చుకుంటే అందులోంచి పెళ్ళికొడుకు తల బయటికొచ్చేలా చేసి ఇచ్చిన క్యాసెట్టులో ఆ ముక్క లేదు. అచ్చాయమ్మ ఊపిరి పీల్చుకుంది.

ఆ తరవాత సంగతి ఎవరూ అనుకోనిది. సత్యవేణి వాళ్ళు రాజోలు వైపు నుంచి రొయ్యల చెరువుల పని మీద కాట్రేనికోన వచ్చి, అచ్చాయమ్మ ఇంటికి రెండిళ్ళ అవతలే ఇల్లు కట్టుకున్నారు. వియ్యపురాళ్ళిద్దరూ మొదట్లో మర్యాదకి, తరవాత అలవాటుగా, ఆపైన ఒకరు లేకపోతే ఇంకొకరికి తోచనట్టుగా, సాయంత్రాలు కాలవ వంతెన దాకా నడిచి రావడం మొదలెట్టారు. సత్యవేణి భర్త పోయినప్పుడు పదకొండు రోజులూ ఆవిడ పక్కన పడుకున్నది అచ్చాయమ్మే. అచ్చాయమ్మ కంటి ఆపరేషనుకి ఆస్పత్రిలో కూర్చున్నది సత్యవేణే. ఇద్దరూ పక్కపక్కన నడుస్తున్నప్పుడు అచ్చాయమ్మ తన అడుగు తగ్గించి వేసేది. నడుస్తూ నడుస్తూ ఒక్కోసారి ఆ గది గుర్తొచ్చి, ఉన్నట్టుండి "ఈ రోడ్డు బాగుచెయ్యరు కదండీ" అని సంబంధం లేని మాట అనేది.

ఇప్పుడు సతీష్, దుర్గాభవానీల పెళ్ళికి పాతికేళ్ళు నిండుతున్నాయి. దిండిలో గోదారి ఒడ్డున రిసార్టు మాట్లాడాడు అల్లుడు. ఒకరోజు మధ్యాహ్నం అత్తగారింట్లో భోంచేస్తూ చెప్పాడు.

"మన పెళ్ళి క్యాసెట్లు అమలాపురం నాగదుర్గాప్రసాద్ గారికిచ్చేనండి. అప్పట్లో తీసింది ఆయనే కదా. కంప్యూటర్లోకి ఎక్కించి పెన్‌డ్రైవ్‌లో ఇస్తానన్నారు. ఆ రోజు పెద్ద తెర మీద వేద్దామండి."

"మంచిదే కదా బాబూ" అంది అచ్చాయమ్మ పులుసు వడ్డిస్తూ. తామరపువ్వులోంచి అల్లుడి తల రావడం గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది.

"చిన్న ఇబ్బంది వచ్చిందండి. మిక్సింగ్ క్యాసెట్టుకి బూజు పట్టేసిందంట, బొమ్మ రావట్లేదంట. కానీ మన అదృష్టం చూడండి. నాన్నగారు అప్పట్లో పట్టుబట్టి కెమెరా క్యాసెట్టు కూడా అడిగి తెచ్చేరంట. అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఇన్నాళ్ళూ భద్రంగా ఉంది. కొత్తదానిలా ఉందన్నారు ప్రసాద్ గారు. మాటలూ, గొడవా, అంతా ఒరిజినలంట. ఎక్కడా కోయలేదంట."

అచ్చాయమ్మ చేతిలో గరిట సతీష్ కంచం దాటిపోయి పీట మీద పులుసు పోసింది.

"అత్తగారూ, చాలండీ" అన్నాడు సతీష్ కాళ్ళు వెనక్కి లాక్కుంటూ.

"నీకు పులుసు ఎక్కువైందా, దానికి చూపు తగ్గిందా" అన్నాడు ఎర్రయ్య అరుగు మీద నుంచి.

అచ్చాయమ్మకి ఆ మాటలేవీ వినబడలేదు. పాతికేళ్ళ పాటు ఆ గది ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది. సత్యవేణి బీరువాలోనే ఉంది. పండగకీ పబ్బానికీ ఆవిడ పట్టుచీర తీసినప్పుడల్లా చెయ్యి దాని మీద పడే ఉంటుంది. ఇంట్లో అది వేసి చూసే మిషను లేదు గనక బతికిపోయింది.

ఒక్కటే దారి. సతీష్ చేతికి పెన్‌డ్రైవ్ రాకముందే వెళ్ళి, ప్రసాద్ గారి కాళ్ళు పట్టుకునైనా ఆ ముక్క కోయించెయ్యాలి.

మర్నాడు పొద్దున్నే కళ్ళజోడు ఫ్రేము వదులైందనే వంకతో అమలాపురం బయల్దేరింది. రెండిళ్ళు దాటేసరికి గుమ్మంలో సత్యవేణి ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని నిలబడి ఉంది.

"అమలాపురమేనాండీ వదినగారూ? నేనూ వస్తానండి. ఇవాళే ఎక్కిస్తారంట, సతీష్ చెప్పేడు. ఎక్కిస్తుంటే టీవీలో కనబడుద్దంట కదా."

"మీరెందుకండీ శ్రమ. బస్సులో జనం. దిండిలో చూద్దురు గానీ."

"దిండిలో అందరి మధ్యా చూడలేనండి" అంది సత్యవేణి. "ఆయన కదులుతుంటే చూసి ఎన్నాళ్ళయిందో. గోడ మీద ఫొటో ఉంది గానీ, అది కదలదు కదా. ముందొకసారి నేనొక్కద్దాన్నీ చూసుకుంటాను. మీరంటే పరాయివాళ్ళు కాదు."

ఆ మాట మీద అచ్చాయమ్మ ఆవిడతోనే బస్సెక్కింది. ముమ్మిడివరం దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అమలాపురం గడియార స్తంభం దగ్గర బస్సు దిగేసరికి ఆవిడ జాకెట్టు వీపంతా తడిసింది.

నాగదుర్గాప్రసాద్ దుకాణం సందులో ఉంది. ముందుగదిలో పుట్టినరోజుల ఫ్లెక్సీలు, పాస్‌పోర్టు ఫొటోలు. వెనకగదిలో పాత వీసీఆరూ, దానికి వైర్లతో తగిలించిన కంప్యూటరూ, పక్కనే బొమ్మ చూసుకునే టీవీ. జుట్టుకి నల్లరంగు పట్టించిన ఆ పెద్దమనిషి ఇద్దరికీ ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు.

"రండమ్మా, రండి. ఇప్పుడే మొదలెట్టేను. అన్నీ గుర్తున్నాయండి నాకు, చేపల పేట పెళ్ళి కదా. ఆ భోజనాలు నేనిప్పటికీ చెప్తాను."

ఏదీ గుర్తులేదని అచ్చాయమ్మకి అర్థమైంది. కొన్ని వందల పెళ్ళిళ్ళు తీసిన మనిషి. భోజనాలు తప్ప ఏం గుర్తుంటాయి?

"ఎంతసేపు పడుద్దండీ?" అనడిగింది.

"క్యాసెట్టు ఎంతసేపుంటే అంతసేపండి. మూడు గంటలు. కంప్యూటరే గానీ, ఇది మాత్రం తొందరపడదండి. క్యాసెట్టు నడుస్తుంటే అది రాసుకుంటా ఉంటది."

"మధ్యలో కొంచెం ముందుకి జరిపితే?"

"అమ్మో, ముట్టుకోకూడదండి. ఇన్నేళ్ళ రీలు. ఆపినా, జరిపినా హెడ్డుకి అతుక్కుని పుటుక్కుమంటది. ఒక్కసారి నడవడానికే ఒప్పుకుంటది. అందుకే నేను కూడా పక్కనే కూర్చుంటాను."

అచ్చాయమ్మ చీరకొంగుతో మెడ తుడుచుకుంది. పెళ్ళి రోజు పొద్దుటి నుంచీ వరసగా తీశాడు. రాట దగ్గర పూజ, మంగళస్నానాలు, మగపెళ్ళివారు దిగడం, ఎదురుకోలు. ఆ తరవాత ముస్తాబు గది. గంటన్నర ఉంటుందేమో.

టీవీలో పందిరి కనిపించింది. నీలంరంగు చారలు గీసుకుంటూ, వణుకుతూ, పాతికేళ్ళ కిందటి ఎండ. సత్యవేణి కుర్చీ ముందుకి లాక్కుంది.

అచ్చాయమ్మ ఆవిడ వెనక్కి జరిగి, ప్రసాద్ వైపు చూసి రెండు వేళ్ళు కత్తెరలా ఆడించింది. ప్రసాద్ చూశాడు. మళ్ళీ ఆడించింది. ఆయన ముఖం వెలిగింది. సందులోకి తల పెట్టి, "ఒరే, రెండు టీలు" అని కేకేశాడు.

ఊరందర్నీ ఒంటితో పలికించిన మనిషికి ఒక్క కత్తెర పలికించడం చేతకాలేదు.

టీ తాగాక, "ప్రసాద్ గారూ, కాస్త ఇలా బయటికి రండి, ఫ్లెక్సీ ఒకటి చూపిస్తారా" అంటూ ఆయన్ని ముందుగదిలోకి లాక్కొచ్చింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "బాబూ, అందులో ఒక ముక్కుందండి. ఆడాళ్ళ గదిలో నేను..."

"ప్రసాద్ గారూ" అని లోపల్నుంచి సత్యవేణి కేక. "బొమ్మ ఊగిపోతందండి. ఆయన రాబోతున్నారండి, తొందరగా రండి."

ప్రసాద్ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. అచ్చాయమ్మ అన్నప్రాశన ఫ్లెక్సీ ముందు ఒంటరిగా మిగిలిపోయింది.

లోపలికి వెళ్ళేసరికి తెర మీద వ్యాను ఆగుతోంది. మగపెళ్ళివారు దిగుతున్నారు. సన్నాయి, డోలు, పిల్లల అరుపులు. మిక్సింగులో ఈ చోట ఏదో పాట ఉండేది, ఒక్క మాటా వినబడేది కాదు. ఇప్పుడు అన్నీ వినబడుతున్నాయి. తెల్లచొక్కా వేసుకున్న వియ్యంకుడు వ్యాను ముందునుంచి దిగి, చుట్టూ చూసి గట్టిగా అరిచాడు.

"ఒరే, ఆ డోలు ఒక్క నిమిషం ఆపండ్రా. ముందు కుర్చీ తెండి. మా సత్యం ఎండలో నిలబడలేదు."

 సత్యవేణి తెర మీంచి చూపు తిప్పకుండానే అంది.

"విన్నారాండీ?"

"విన్నానండి."

"సత్యం అనేవారు. ఇంకెవరూ అలా పిలవలేదు. ఆయన గొంతు ఎలా ఉంటదో మరిచిపోయేనండి నేను. రాత్రుళ్ళు గుర్తుచేసుకుందామంటే వచ్చేది కాదు."

అచ్చాయమ్మ అప్పటిదాకా కరెంటు పోతే బాగుండునని అంతర్వేది స్వామికి మొక్కుకుంటూ ఉంది. ఆ మొక్కు అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు కరెంటు పోతే రీలు తెగుతుంది. రీలు తెగితే ఆ గొంతు పోతుంది. పోకపోతే తన బతుకు బయటపడుతుంది. ఏది కోరుకోవాలో తెలియక స్వామిని వదిలేసింది. రోజూ ఆ వేళకి పోయే కరెంటు ఆ రోజు పోలేదు కూడా.

ఇంక మిగిలింది తనే ముందు చెప్పెయ్యడం.

"వదినగారూ, మీకొక మాట చెప్పాలండి."

"తరవాత చెబుదురు గానీ. ఆయన మళ్ళీ వస్తారేమో."

"ఇప్పుడే చెప్పాలండి."

"అదిగో, అదిగో ఎదురుకోలు. మీ అన్నగారే కదూ పానకం ఇస్తంది" అంటూ సత్యవేణి చెయ్యెత్తి ఆపేసింది.

ఎదురుకోలు అయిపోయింది. పానకం బిందె, పూలదండ, ఎవరో పిల్లాడు కెమెరా ముందుకొచ్చి నాలుక చాపడం. అచ్చాయమ్మ కాలివేళ్ళు నేలకి నొక్కి పట్టి కూర్చుంది. తెర నల్లబడింది. మళ్ళీ వెలిగింది. ఒక తలుపు. తలుపు మీద పసుపు బొట్లు.

"ఈ గది ఎవరిదండీ?" అంది సత్యవేణి.

"మా చెల్లెలిదండి" అంది అచ్చాయమ్మ. 

తలుపు తెరుచుకుంది. వీడియో లైటు పడి ఆడపిల్లలు కళ్ళు మూసుకున్నారు. మధ్యలో పీట మీద దుర్గాభవాని, జడకి పూలు కుడుతున్నారు. పురోహితుడి ముక్కుపొడుం అయింది. కిళ్ళీ నమలడం అయింది. తన భర్తలా దవడ ఆడించడం చూసి సత్యవేణి చిన్నగా నవ్వింది కూడా. "అచ్చం ఆయనేనండి" అంది.

అప్పుడొక ఆడపిల్ల గొంతు. "పిన్నీ, పెళ్ళికొడుకు వాళ్ళమ్మని చెయ్యవా."

"ఛీ, ఊరుకోండే" అంటోంది తెర మీద అచ్చాయమ్మ. అంటూనే కొంగు నడుముకి దోపింది. పళ్ళెం అందుకుంది. ఒక పక్కకి ఒరిగింది.

నడిచింది.

కెమెరా ఆవిడ ముఖం వదిలేసి కాళ్ళ మీదకి దిగింది. ఈడ్చిన కాలు, నిలదొక్కుకున్న కాలు, మళ్ళీ ఈడ్చిన కాలు. గది మూలకి వెళ్ళి తిరిగింది. నవ్వులు. ఒకమ్మాయి గోడకి జారబడిపోయింది. అన్నిటికంటే పెద్ద నవ్వు కెమెరా పక్కనుంచే వస్తోంది, ఆ నవ్వుకి బొమ్మ ఊగుతోంది. టీవీ పక్కన కూర్చున్న నాగదుర్గాప్రసాద్ తన పాతికేళ్ళ కిందటి నవ్వు విని తల దించుకున్నాడు.

"అమ్మా, వద్దే" అని ఎక్కడో సన్నగా వినబడింది.

తలుపు మూసుకుంది. తెర మీద భజంత్రీలు కూర్చున్నారు.

 ముందుగా నోరు విప్పింది ప్రసాదే.

"ఆ ముక్క కోసేస్తానండి, అమ్మగారూ. కంప్యూటర్లోకి ఎక్కేక రెండు నిమిషాల పని. ఎవరికీ తెలీదండి."

సత్యవేణి ఆయన వైపు చూడలేదు.

"కోయకండి" అంది.

అచ్చాయమ్మ కుర్చీలోంచి లేవబోయింది. లేచి ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చుంది.

"ఇంతకీ అది తప్పండి" అంది సత్యవేణి, మజ్జిగలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. "నాది ఎడంకాలండి. మీరు కుడికాలు ఈడ్చేరు."

"వదినగారూ..."

"ఇన్నేళ్ళూ రోజూ నా ఎడంపక్కనే కదండీ నడుస్తున్నారు."

అచ్చాయమ్మ పాదాలు కుర్చీ కిందకి లాక్కుంది.

"మా ఊళ్ళో చిన్నప్పుడు అందరూ చేసేవారండి. బడికెళ్తుంటే వెనకాల వరసగా నడిచేవారు. పెళ్ళయి పిల్లాడు పుట్టేక మానేసేరు. ఈ ఊళ్ళో ఎవరూ చెయ్యలేదనుకున్నాను. సతీష్‌తో కూడా అన్నాను, ఈ ఊరోళ్ళు మంచోళ్ళురా అని."

"నేనే ముందు చేసేనండి" అంది అచ్చాయమ్మ. ఇంకేం చెప్పినా అబద్ధంలా ఉంటుందని అంతటితో ఆపేసింది.

రీలు ఇంకా సగం మిగిలి ఉంది. ఆపడానికి లేదు. ఇద్దరూ అలాగే కూర్చుని మిగతా పెళ్ళంతా చూశారు. జీలకర్ర బెల్లం చూశారు. తలంబ్రాలు చూశారు. చివర్న అప్పగింతలొచ్చాయి. తెర మీద అచ్చాయమ్మ కళ్ళు తుడుచుకుంటూ కూతురి చేతిని సత్యవేణి చేతిలో పెట్టి, "మీ కడుపున పుట్టిందనుకోండి వదినగారూ" అంటోంది. అది చూడలేక కుర్చీలోని అచ్చాయమ్మ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. ఆవిడ మొత్తం బతుకులో ఒక క్యాలెండరుని అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

లేవబోతూ సత్యవేణి ప్రసాద్‌తో అంది. "ఆడాళ్ళ గదిలో అందరూ నవ్వేరు. మా కోడలు నవ్వలేదు. వద్దే అంది, మీరు విన్నారో లేదో. అది నేను మళ్ళీ చూసుకోవాలండి. అందుకే కోయొద్దన్నాను."

"మరి దిండిలో తెర మీద..."

"సతీష్ ఎలా వెయ్యమంటే అలాగే వెయ్యండి. ఎక్కడా కోయకండి."

తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగానే ఉంది. సత్యవేణి ముందు సీట్లో కూర్చుని చేతిసంచీ పక్కన పెట్టుకుంది. సంచీ ఉంటే ఇంకెవరూ కూర్చోరు. అచ్చాయమ్మ మూడు వరసల వెనక కూర్చుని ఆవిడ జడముడి చూస్తూ వచ్చింది.

ఆ సాయంత్రం కాలవ వంతెన దాకా ఒక్కతే వెళ్ళింది. మర్నాడు గుమ్మం దగ్గర నిలబడి పిలిస్తే, "పనుందండి" అని జవాబొచ్చింది. ఆ మర్నాడు జవాబు కూడా దుర్గాభవాని చేత వచ్చింది.

"అత్తయ్యగారు గదిలో తలుపేసుకున్నారమ్మా. ఏంటో, పిలిస్తే వస్తానంటారు, రారు. మీరిద్దరూ ఏమన్నా అనుకున్నారా?"

"నేనేమీ అనలేదే" అంది అచ్చాయమ్మ. అది నిజమే. నోటితో ఏమీ అనలేదు.

"అలా వెలితిగా ఉన్నావేంటే? చేపకి గాలమేసి మరిచిపోయినట్టు" అన్నాడు ఎర్రయ్య. భార్య నవ్వకపోయేసరికి ఆయనా ఊరుకున్నాడు. కూతురికి చెప్పెయ్యాలని రెండుసార్లు అనుకుంది. చెప్తే, "నేను అప్పుడే వద్దన్నాను కదే" అంటుంది. ఆ మాట వినడానికి ధైర్యం చాలలేదు.

వేడుక రోజు వచ్చింది. దిండిలో గడ్డి మీద తెల్లకుర్చీలు వేశారు. గోదారి వైపు వీపు పెట్టి పెద్ద తెర నిలబెట్టారు. బంధువులు, చెరువుల వాళ్ళు, రావులపాలెం నుంచి అరటికాయల వ్యాపారులు. సత్యవేణి ముందు వరసలో కూర్చుంది. అచ్చాయమ్మ ఆఖరి వరసలో, భోజనాల బల్లలకి దగ్గరగా, అవసరమైతే వడ్డనకని లేచిపోయేలా కూర్చుంది.

పెళ్ళి మొదలైంది. తామరపువ్వు లేదు, పాటలు లేవు. అయినా జనం తమ పాత ముఖాలు చూసుకుని కేరింతలు కొట్టారు. వ్యాను దిగాక "మా సత్యం" అన్న గొంతు వినబడినప్పుడు సతీష్ కళ్ళు తుడుచుకున్నాడు. పానకం బిందె వెళ్ళిపోయింది. నాలుక చాపిన పిల్లాడు ఇప్పుడు బట్టతలతో మూడో వరసలో ఉన్నాడు, అందరూ వాణ్ణి తట్టి నవ్వారు. తెర నల్లబడింది.

తలుపు మీద పసుపు బొట్లు.

అచ్చాయమ్మ లేవడానికి కుర్చీ చేతుల మీద బలం పెట్టింది. మళ్ళీ వదిలేసింది.

పురోహితుడికి జనం నవ్వారు. కిళ్ళీకి ఇంకా నవ్వారు. పళ్ళెం పట్టుకుని ఒరిగి నడవడం మొదలయ్యాక కూడా ముందు నవ్వారు. అది ఎవరి నడకో తెలిశాక వరస తరవాత వరసగా నవ్వులు ఆగిపోయాయి. తెర మీద ఆడపిల్లల నవ్వులు మాత్రమే మిగిలాయి. దుర్గాభవాని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సతీష్ లేచి నిలబడ్డాడు. కొన్ని తలలు వెనక్కి తిరిగి అచ్చాయమ్మని వెతికాయి.

సత్యవేణి లేచింది.

"ఆపండి బాబూ" అంది తెర దగ్గరి కుర్రాడితో. ఇది పెన్‌డ్రైవ్ గనక ఆగింది. పళ్ళెంతో, ఒక కాలు గాల్లో పెట్టి, పాతికేళ్ళ కిందటి అచ్చాయమ్మ తెర మీద నిలబడిపోయింది. సత్యవేణి తన ఎడంకాలు ఈడ్చుకుంటూ తెర ముందు దాకా నడిచింది. అందరూ చూస్తుండగా, తొందర లేకుండా నడిచింది. యాంకరమ్మాయి చేతిలోంచి మైకు తీసుకుంది.

"మా వదినగారు నన్ను చేసేరండి" అంది. "ఇప్పుడు నేను మా వదినగార్ని చేస్తాను."

మైకు ఆ అమ్మాయికి తిరిగిచ్చేసింది. మెడ ముందుకి సాచింది. ఒక కన్ను మూసింది. ఎదురుగా ఎవరూ లేని చోట బుట్ట ఉన్నట్టుగా వంగి, బొటనవేలితో చేప మొప్ప ఎత్తి చూసింది, వాసన చూసింది, మూతి తిప్పింది. అక్కర్లేదన్నట్టు చెయ్యి విసిరి మూడు అడుగులు వెళ్ళింది. అక్కడ ఆగి, వెనక్కి తిరక్కుండా, చెవి మాత్రం వెనక్కి పెట్టింది, అమ్మేవాడు పిలుస్తాడా లేదా అని. పిలిచినట్టున్నాడు. ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా, మెల్లిగా, బలవంతం మీద వస్తున్నట్టు తిరిగొచ్చింది.

మొదట నవ్విన మనిషి ఎర్రయ్య. కుర్చీ వెనక్కి పడిపోయేంతగా నవ్వాడు. ఆ వెనకాల మైదానమంతా నవ్వింది. కాట్రేనికోన బజార్లో రోజూ చూసే మనిషి అక్కడ, కాలు ఈడుస్తూ, అచ్చంగా నడుస్తోంది. దుర్గాభవాని ఈసారి నవ్వు ఆపుకోలేకపోయింది. వద్దన్నట్టు చెయ్యి ఊపుతూ, కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వింది.

అచ్చాయమ్మకి చెవులు వేడెక్కాయి. రెండు వందల మంది తనని చూసి నవ్వడం ఎలా ఉంటుందో ఆవిడకి ఇదే మొదటిసారి తెలియడం. నేల చీలిపోతే బాగుండుననిపించింది. సత్యవేణి బడికెళ్ళే రోజుల్లో రోజూ ఇలాగే అనిపించి ఉంటుందని కూడా అనిపించింది.

సత్యవేణి మళ్ళీ మైకు అడిగి తీసుకుంది.

"సరిపోయిందాండీ వదినగారూ?"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. అచ్చాయమ్మ నిలబడింది. 

"ఆయ్" అంది. "సరిపోయిందండి."

"అయితే వెయ్యి బాబూ" అంది సత్యవేణి కుర్రాడితో.

తెర మీద ఆగిన కాలు కిందకి దిగింది. సత్యవేణి తన ముందు వరస కుర్చీకి వెళ్ళలేదు. అందరూ తెర చూస్తుండగా వరసల పక్కనుంచి నడుచుకుంటూ ఆఖరి దాకా వచ్చింది. "కాస్త జరగండి" అంది. అచ్చాయమ్మ జరిగింది.  అప్పగింతలొచ్చినప్పుడు చూడ్డానికి అక్కడ క్యాలెండరు లేదు. అందుకని అచ్చాయమ్మ తెర వైపే చూసింది.

మర్నాడు పొద్దున తల దువ్వుకోడానికి అద్దం ముందు కూర్చుంది. జడ సగం అల్లాక చెయ్యి ఆగింది. కిటికీ వైపు ఒకసారి చూసి, ఎవరూ లేరనుకున్నాక, మెడ కొంచెం ముందుకి సాచింది. చాల్లేదు. ఇంకా సాచింది. ఒక కన్ను మూసింది. అలాగే కొంతసేపు ఉండి, మూసిన కన్ను ఏదో సరిచూసుకోడానికి రెండో కన్ను మూసి చూసింది.

"ముందు మూసిన కన్నే" అన్నాడు గుమ్మంలోంచి ఎర్రయ్య. "ఆవిడ సరిగ్గానే చేసింది."

అచ్చాయమ్మ చేతిలో దువ్వెన జారి మంచం కిందకి వెళ్ళిపోయింది. దాన్ని తీసే వంకతో ఆవిడ చాలాసేపు మంచం కిందే ఉండిపోయింది.